సంపాదకుని మాట: తాపీ పట్టిన చేయి

కష్టాలే గొప్పవాళ్లను చేస్తాయన్న మాట మాకు మింగుడుపడదు. అందెశ్రీ చిన్నప్పుడు పశువులు కాశారు, తాపీ పని చేశారు; ఆయన రాసిన గీతం 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. తాపీ పట్టినవాళ్లు వేలమంది ఉంటే అందరూ కవులు కాలేదేమని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కష్టం కవిత్వం నేర్పదు, పని మాత్రం ఒక్కోసారి నేర్పుతుంది. గుర్రం జాషువా రాజమహేంద్రవరంలో మూకీ సినిమాలకు కథ, సంభాషణలు చదివి వినిపించేవారు. హాలు నిండా ఉన్న జనానికి చెవికెక్కేలా చెప్పడమే అక్కడ బతుకుతెరువు. ఆయన పద్యం పామరుడికీ సూటిగా తాకడంలో ఆ కొలువుకు కొంత వాటా ఉందని మా ఊహ. వృత్తి మార్చుకోవడంలో ఎన్టీఆర్ సంగతి వేరు: సబ్‌రిజిస్ట్రార్ కొలువు వదిలినా చేతిలో బి.ఏ. పట్టా ఉంది. కనకమామిడి లాంటి పల్లె నుంచి కూరగాయలు మోసే కుర్రాడికి ఆ వెసులుబాటేదీ? వృత్తి మార్చుకొమ్మనేవాళ్లు ఆ నెల ఇంటి ఖర్చు ఎలా గడవాలో కూడా చెప్పాలి.