కాఠిన్యము దోషము కాదు

దినపత్రికలో పదబంధ ప్రహేళికకు లభించు చోటు ఎంత చిన్నదో, దానినిగూర్చి పండితులు పలుకు చులకనమాట అంత పెద్దది. అది కాలక్షేపమనియు, పనిలేనివారి వ్యాసంగమనియు వారందురు. కాని ప్రహేళికకు నిజముగా హాని చేయువారు దానిని నిందించువారు కారు. దానిని ప్రేమించుచునే తప్పుడు త్రాసున తూచువారు.

1913 డిసెంబరు 21వ తేదీన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన గడిలోని ఆధారములు సూటియైనవి. అర్థము తెలిసినవాడు మాటను వ్రాసికొనును, అంతటితో సరి. గూఢార్థముల గడి ఇంగ్లండులో పెరిగినది. అచ్చటి ‘అబ్జర్వర్’ పత్రికకు 1926 నుండి ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ ‘టోర్క్వెమాడా’ అను మారుపేరుతో గడులు కూర్చెను. మతద్రోహులను శిక్షించిన స్పెయినుదేశపు విచారణాధికారి పేరది. ఆయన పిమ్మట ఆ స్థానమునకు వచ్చిన డెరిక్ మక్‌నట్ అట్టి పేరునే, ‘జిమెనీజ్’ అని, స్వీకరించెను. అయినను 1966లో వెలువరించిన గ్రంథమున ఆయన పూరకునికి రక్షణ కల్పించు శాసనమును స్థాపించెను. నిర్దుష్టమైన నిర్వచనము, న్యాయమైన పదచమత్కారము, ఈ రెండును తప్ప ఆధారమున మరేమియు నుండరాదు.

ఈ శాసనము తెలుగునందును చెల్లును. “రమణిలో రత్నము” అని రెండక్షరముల మాటకు ఆధారమిచ్చిరనుకొందము. పైకి అది స్త్రీప్రశంస. లోపల ‘రత్నము’ నిర్వచనము. ‘లో’ అను ప్రత్యయము ఎచ్చట వెదకవలెనో చెప్పుచున్నది. ‘రమణి’ అను మాటయందే ‘మణి’ కలదు. “తిరుగబడిన తల తీగ” అన్నచో ‘తల’ వెనుకనుండి చదువగా ‘లత’ యగును. ఏదియు దాచబడలేదు, పూరకుని చూపు మాత్రమే మరలింపబడినది. అదే ‘మణి’కి “రమణి సొత్తు” అని యిచ్చినచో ఏమగును? గాజు కావచ్చును, చీర కావచ్చును, ఇల్లును కావచ్చును. మొదటిది గూఢము, ఇది అన్యాయము. ఈ రెండింటి నడుమ గీత గీయుటయే విమర్శకుని పని.

ఈ వివేకము మనకు పరాయిది కాదు. దండి ‘కావ్యాదర్శము’ తృతీయ పరిచ్ఛేదమున పదునారు విధములైన ప్రహేళికలను పేర్కొనెను. పూర్వాచార్యులు మరి పదునాలుగు దుష్ట ప్రహేళికలను గూడ చెప్పిరనియు, దోషములకు లెక్కలేదు గనుక తాను మంచివానినే వివరింతుననియు ఆయన చెప్పెను. ప్రహేళిక కఠినముగా నుండుటను ఆయన తప్పుపట్టలేదు. లక్షణము లేని ప్రహేళికనే దుష్టమనెను.

ఆధునిక కాలమునను ఈ విద్యను చిన్నచూపు చూడనివారు కలరు. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు తెలుగు పత్రికలకు గడులు కూర్చిరి. 1958లో భారత నౌకాదళాధిపతి పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు రామ్‌దాస్ కటారి 1970ల దశకమున ‘ది హిందూ’ పత్రికకు ఆంగ్లమున గూఢార్థపు గడులు కూర్చెను. ఇట్టివారు శ్రద్ధతో చేసిన పనికి అంతే శ్రద్ధగల విమర్శ లభింపవలదా?

లభించునదేమి? ఒక సమీక్షకుడు తాను గడిని పది నిమిషములలో నింపితినని చాటును. అది గడిని గూర్చిన మాట కాదు, తనను గూర్చిన మాట. 1942లో ‘డెయిలీ టెలిగ్రాఫ్’ వారి గడిని పండ్రెండు నిమిషములలో పూరింపుడని పోటీ పెట్టిరి. అందు నెగ్గిన కొందరికి రహస్యలిపులను భేదించు యుద్ధకార్యమున పిలుపు వచ్చెను. శత్రువు సందేశమును విప్పుటకు వేగము కావలెను. ఆధారము యొక్క గుణమును నిర్ణయించుటకు వేగముతో పనిలేదు. మరియొక సమీక్షకుడు తనకు చిక్కనిదానినెల్ల తప్పనును, చిక్కినదానినెల్ల మెచ్చును. ఇరువురును ఆధారమును చదువరు, తమ ముఖమునే అద్దమున చూచుకొందురు.

నియమములు హాస్యమును చంపునని కొందరు కూర్పరుల మొర. యతిప్రాసలు కవిత్వమును చంపినవా? నియమమును దాటిన చమత్కారము ఒక్కొక్కప్పుడు నిజముగా నవ్వించును. అట్టిచోట విమర్శకుడు నవ్వవచ్చును. కాని నియమము దాటబడినదని చెప్పితీరవలెను.

పత్రికలకును బాధ్యత కలదు. మరునాడు ఉత్తరములను మాత్రము ముద్రించి, అవి ఎట్లు సిద్ధించెనో చెప్పకుండుట పరిష్కారము కాదు. తీర్పు చెప్పి కారణము చెప్పని న్యాయస్థానమువంటిదది. ఆధారము తప్పైనచో ఆ మాటను ఒప్పుకొను రెండు పంక్తులకు పత్రికలో చోటు లేకపోదు.

ఇంత చిన్న విషయమునకు ఇంత పట్టుదల యేల యని అడుగవచ్చును. ప్రతి అక్షరమునకును లెక్క అప్పగింపవలసిన గద్యము దినపత్రికలో ఆ గళ్ళ ప్రక్కన తప్ప మరెచ్చటను సులభముగా దొరకదు. అచ్చట పాఠకుడు ఒక మాటను నమ్మి దాని వెంట నడచును. ఓడినవాడు ఉత్తరము చూచి, “ఇది నా కన్నులయెదుటనే యుండెను” అనుకొన్నచో కూర్పరి తన మాటను నిలుపుకొన్నట్లు. “ఇది యెట్లు తెలియును?” అని యడిగినచో నమ్మకము చెడినట్లు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకి, తప్పు పూరకునిదో కూర్పరిదో తేల్చి చెప్పనివాడు సమీక్షకుడన్న పేరునకు తగడు.