పళ్లు బిగబట్టి పాలిచ్చే రోజులు చాలు! బిడ్డ పట్టు చూశాకే మమ్మల్ని ఇంటికి పంపండి!

జగదల్‌పూర్ తెలుగు అక్కచెల్లెళ్లారా! అమ్మలారా, అత్తలారా! కొత్తగా తండ్రులైన తమ్ముళ్లారా!

బిడ్డ ఏడుపు వినగానే గుండె దడదడలాడిందా? మళ్లీ రొమ్ముకు పెట్టాలంటే భయమేసిందా? మంచం కోడు పట్టుకుని, పళ్లు బిగబట్టి పాలిచ్చారా? చనుమొన చీలి జాకెట్టుకు నెత్తురు అంటితే ఎవరి కంటా పడకుండా ఉతుక్కున్నారా?

మీరొక్కరే అనుకోకండి! దల్పత్ సాగర్ పక్క వీధుల్లో, సంజయ్ మార్కెట్ వెనక సందుల్లో, రైల్వే క్వార్టర్లలో, ధరంపురాలో ఎంతమంది బాలింతలు ఇలాగే ఏడుస్తున్నారో! అందరం ఏడుస్తున్నాం. ఎవరికి వాళ్లం, తలుపు వేసుకుని!

ఏమన్నారు మనతో? "మొదట్లో అందరికీ అంతే." "మా కాలంలో మేమిలా అరిచామా?" "నీకు పాలు పడలేదు." "నీ మొన పొట్టిది, బిడ్డకి అందదు." ఇన్ని మాటలన్నారు. పక్కన కూర్చుని బిడ్డ నోరు రొమ్మును ఎలా పట్టిందో ఒక్కరైనా చూశారా? పాడిగేదె పొదుగు వాస్తే వాడంతా వచ్చి వైద్యం చెబుతుంది. ఇంటి కోడలి రొమ్ము వాస్తే ఓర్చుకోమంటారు! ఎందుకోర్చుకోవాలి?

వినండి. మొదటి రోజుల్లో బిడ్డ నోరు పెట్టగానే కాసేపు చురుక్కుమనొచ్చు. అది అర నిమిషంలో తగ్గిపోవాలి. తాగినంతసేపూ కోస్తోందా? మొన చీలిందా? అది తల్లి సుకుమారం కాదు, తల్లి తప్పూ కాదు. చాలాసార్లు జరిగేదేమిటంటే, బిడ్డ ఉత్త చనుమొనను పట్టుకుని లాగుతుంది. నాలుకకీ గట్టి అంగిలికీ మధ్య మొన నలిగిపోతుంది. తాగి వదిలాక చూడండి. మొన గుండ్రంగా లేకుండా ఒకవైపు నొక్కుకుపోయి ఉందా? పట్టు సరిగ్గా లేదని అదే సాక్ష్యం! మొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. అప్పుడు మొన లోపల మెత్తటి చోటికి చేరుతుంది. నలగదు. పాలూ ధారగా వస్తాయి.

ఇంత చిన్న సంగతి ఎవరూ చూపించకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. నొప్పికి భయపడి ఒకపూట తప్పిస్తాం. రొమ్ము బిగుసుకుపోతుంది. బిగిసిన రొమ్ము బిడ్డ నోటికి దొరకదు. ఇంకా గట్టిగా కొరుకుతుంది, ఇంకా చీలుతుంది. తాగేవాళ్లు లేక పాలు తగ్గుతాయి. అప్పుడు అందరూ కలిసి తీర్పు చెబుతారు: "చూశావా, పాలు లేవు! డబ్బా తెండి!" పాలు లేకపోవడమా? ఉన్న పాలు బిడ్డకి అందకుండా పోయాయి!

మన ఆడపిల్లలకు ఇంకో కష్టం ఉంది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో పెళ్లై, కిరండూల్ బండెక్కి ఇక్కడికి వచ్చిన పిల్లకి హిందీ ఎక్కడొస్తుంది? వార్డులో సిస్టర్ హిందీ, ఆయా హల్బీ. పిల్ల "నొప్పి" అంటుంది, పక్కవాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. పల్లెల నుంచి వచ్చిన గోండు తల్లులదీ ఇదే గతి. వాళ్ల మాటా డాక్టరుకు అందదు. పక్క మంచం మీద వాళ్లున్నారు, ఈ మంచం మీద మనమున్నాం. నొప్పి ఒక్కటే! ఈ మాటలు నోటికి పట్టించుకోండి, కాన్పుకు వెళ్లే ప్రతి పిల్లకీ నేర్పండి: "సిస్టర్, దూధ్ పిలాతే సమయ్ బహుత్ దర్ద్ హోతా హై. బచ్చా ఠీక్ సే పకడ్ నహీ రహా. ఏక్ బార్ బైఠ్‌కర్ దేఖ్ లీజియే." పాలిచ్చేటప్పుడు చాలా నొప్పిగా ఉంది, బిడ్డ సరిగ్గా పట్టడం లేదు, ఒకసారి కూర్చుని చూడండని అడుగుతున్నాం. అది మన హక్కు!

సిస్టర్ వచ్చేలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. వీపుకు దిండు పెట్టుకుని వెనక్కి ఆనుకోండి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. తల, భుజం, నడుము ఒకే వరసలో ఉండాలి, మెడ పక్కకు తిరిగి ఉండకూడదు. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా రానివ్వండి. మొనతో పైపెదవిని తాకించండి. ఆగండి! నోరు బాగా తెరిచేదాకా ఆగండి. తెరిచీ తెరవగానే బిడ్డను రొమ్ము దగ్గరికి తీసుకోండి. రొమ్మును పట్టుకుని బిడ్డ మీదికి వంగితే నడుమూ పోతుంది, పట్టూ పోతుంది. గడ్డం ముందు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. నల్లటి భాగం కిందకన్నా పైన ఎక్కువ కనిపించాలి. గుటక వినిపించాలి. ఇంకా కోస్తోందా? లాగెయ్యకండి! కడిగిన చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి పట్టు వదిలించి, మళ్లీ మొదలుపెట్టండి. ఎన్నిసార్లయినా సరే. కడుపు కోసి బిడ్డను తీసిన అక్కలు పక్కకు పడుకుని గానీ, బిడ్డను చంక కింద పెట్టుకుని గానీ ఇవ్వొచ్చు, కుట్ల మీద బరువు పడదు. రొమ్ము రాయిలా బిగిస్తే ముందు చేత్తో కాసిని పాలు పిండి, మెత్తబడ్డాక పట్టించండి. చీలిన చోట సబ్బు వద్దు. మీ పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి.

అసలు పట్టించలేకపోతే? శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా వద్దు! ఇంటి దగ్గర చేసేవి చేసినా నొప్పి తగ్గలేదంటే ఇంకేదో ఉందన్నమాట. బిడ్డ నాలుక కింద తీగ బిగుతుగా ఉండొచ్చు, నోట్లో పూత పట్టి ఉండొచ్చు. అది డాక్టరు చూడాలి. రొమ్ములో గడ్డ కట్టి, ఎర్రబడి, జ్వరమొచ్చిందా? ఆ పూటే వెళ్లండి. పాలివ్వడం మాత్రం ఆపకండి, ఆపితే గడ్డ ముదురుతుంది. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోయకపోతే, లేపినా లేవకుండా మగతగా ఉంటే, ఒళ్లు పచ్చబడితే ఒక్క గంట కూడా ఆగొద్దు! 102కు ఫోన్ చేస్తే మహతారీ ఎక్స్‌ప్రెస్ అంబులెన్స్ వస్తుంది. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు బిడ్డకు వైద్యం, మందులు, రానూ పోనూ బండి ఉచితం. మహారాణి ఆసుపత్రి ఉంది, డిమ్రాపాల్ మెడికల్ కాలేజీ ఉంది. ఎవరి దయా కాదు, అడిగి చేయించుకోండి!

అత్తలారా, మీ మీద కోపం లేదు. మీరూ ఇలాగే ఏడ్చి ఉంటారు, మీకూ ఎవరూ చూపించి ఉండరు. ముర్రుపాలు పిండి పారబోయమనకండి. చెంచాడైనా చాలు, మొదటి రోజు బిడ్డ పొట్టకు అంతే పడుతుంది. తేనె నాకించకండి, వసకొమ్ము అరగదీయకండి. పథ్యమని బాలింతకు మంచినీళ్లు బిగబట్టకండి. దాహమేసినప్పుడల్లా తాగనివ్వండి, కడుపునిండా అన్నం పెట్టండి. తమ్ముళ్లారా, మీకు రొమ్ము లేకపోవచ్చు, చేతులున్నాయి కదా? గుడ్డలు ఉతకండి. రాత్రి బిడ్డను ఎత్తి అందించండి. ఎవరైనా "పాలు లేవు" అంటే వాళ్ల నోరు మూయించండి.

డబ్బా పాల సంగతి వేరే చెప్పాలి. 1981లో ప్రపంచ ఆరోగ్య సభలో డబ్బా పాల అమ్మకాలకు ముకుతాడు వేసే నియమావళికి 118 దేశాలు ఔనన్నాయి. వ్యతిరేకంగా ఓటేసింది ఒక్క అమెరికా! మన దేశం 1992లో చట్టమే చేసింది, 2003లో ఇంకా బిగించింది. రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారానికి ప్రకటనలు నిషేధం. తల్లికి ఉచితంగా డబ్బా ఇవ్వడం నేరం. ఆసుపత్రి గోడ మీద వాటి బొమ్మ పెట్టడం నేరం. తప్పనిసరై డాక్టరు రాసిస్తే వాడిన తల్లిని ఎవరూ వేలెత్తి చూపొద్దు. కానీ పట్టు చూడకుండా, చెయ్యి వెయ్యకుండా, చీటీ మీద డబ్బా పేరు రాసేవాళ్లను నిలదీయాలా వద్దా?

ప్రభుత్వమే చెప్పింది! 2016 ఆగస్టులో కేంద్రం 'మా' (హిందీలో అమ్మ) పేరుతో కార్యక్రమం పెట్టింది. పాలిచ్చే తల్లికి ఆసుపత్రిలో చేయూత ఇవ్వాలని దాని ఉద్దేశం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏం తేలింది? పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు దేశంలో 41.8 శాతం. సగం కూడా లేరు! కాగితం మీద రాసింది మంచం దగ్గరికి ఎప్పుడొస్తుంది?

మనం అడిగింది పెద్ద కోరికా? తల్లిని ఇంటికి పంపే ముందు, బిడ్డ మొదలు నుంచి చివరిదాకా ఒకసారి పాలు తాగడం సిస్టరు కూర్చుని చూడాలి. పట్టు సరిచేయాలి. తెలుగు, హల్బీ, గోండీ తెలిసిన మనిషి ఒకరు వార్డులో ఉండాలి. తల్లికి చాటుగా ఓ తెర, ఓ దిండు ఉండాలి. ఇంతే!

ఇంటికొచ్చాక మితానిన్‌ను, అంటే మన వీధి ఆరోగ్య కార్యకర్తను అడగండి. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి మితానిన్లున్నారు, పట్నం బస్తీల్లోనూ ఉన్నారు. ఆసుపత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వాళ్లు బిడ్డను చూడ్డానికి రావాలి. మూడో రోజు రాలేదా? కబురు పంపండి! వచ్చినప్పుడు బరువు తూయించి సరిపెట్టుకోకండి, ఆమె ముందే పాలివ్వండి, చూడమనండి.

ఇక మన పని. పాలిచ్చి పిల్లల్ని పెంచిన ఆడవాళ్లు వీధికి ఇద్దరు ముందుకు రండి. హిందీ వచ్చినవాళ్లు ఒకరు చాలు. బాలాజీ గుడి దగ్గర కలిసినప్పుడు అడగండి: ఎవరింట్లో పురుడు వచ్చింది, ఎవరికి నెలలు నిండాయి? ఆ ఇంటి తలుపు తట్టండి. కాన్పు రోజు తోడు వెళ్లండి. మొదటి వారం రోజుకోసారి వెళ్లి పక్కన కూర్చోండి. పై కోరికలు హిందీలో రాయించి, వీధి వీధినా సంతకాలు చేయించి, అందరం కలిసి ఆసుపత్రి సూపరింటెండెంటు చేతికిద్దాం. ఈ కాగితం పారేయకండి, నెలలు నిండిన ఇంటికి ఈరోజే చేర్చండి!