ఆ 15 మార్కుల మాటేమిటి?

మన పిల్లలకు వ్యాసం రాయడం రావడం లేదని ఏ సభలో చూసినా ఒకరు బాధపడుతూనే ఉంటారు. సలహాలకూ కొదవ లేదు. ఉపోద్ఘాతం ఆకట్టుకోవాలి, మహనీయుల సూక్తులు రెండైనా పడాలి, ఉపశీర్షికల కింద గీత గీయాలి, ముగింపు ఆశావహంగా ఉండాలి. ఇవన్నీ దిద్దేవారి కంటికి కాగితం ఎలా కనబడాలో చెప్పే సలహాలు. రాసే పిల్లవాడు ఏం ఆలోచించాలో వీటిలో ఒక్కటీ చెప్పదు. రాసినదాన్ని ఒకరు శ్రద్ధగా చదివి, ‘ఇక్కడ నువ్వు చెప్పదలుచుకున్నదేమిటి?’ అని అడిగి, మళ్ళీ రాయించాలి. వ్యాసం వచ్చే దారి అదే. అందుకోసం మన ప్రభుత్వాలే బడుల్లో ఒక ఏర్పాటు చేశాయి. ఆ తర్వాత ఒక రాష్ట్రం దాన్ని రద్దు చేసింది, మరొకటి రద్దు చేయబోయి ఆగింది.

పదో తరగతి ఇంటర్నల్ మార్కుల గురించే ఈ మాట. ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో రద్దు ప్రకటించి, విద్యా సంవత్సరం సగం గడిచాక ఇదేమిటని అభ్యంతరాలు రావడంతో వెంటనే వాయిదా వేసింది. రెండు చోట్లా చర్చ ఒకే గాడిలో నడిచింది. ప్రైవేటు బడులు కళ్ళు మూసుకుని 20కి 20 వేస్తున్నాయని ఒక పక్షం, పిల్లల మీద పరీక్షల ఒత్తిడి పెరుగుతుందని మరో పక్షం వాదించాయి. ఆ 20 మార్కులు అసలు దేనికి పెట్టారో మాత్రం రెండు పక్షాలూ పట్టించుకోలేదు.

ఈ ఇంటర్నల్ మార్కులు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో 20 మార్కులు నాలుగు భాగాలు, ఒక్కోదానికి 5. పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష. తెలుగులో మొదటి భాగమంటే పాఠ్యపుస్తకం కాని ఒక పుస్తకాన్నో కథనో చదివి తనకేమనిపించిందో రాయడం. రెండోది పాఠం వెనుక ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాయడం. మూడోది నలుగురినీ అడిగి, విషయం సేకరించి నివేదిక రాయడం. లఘుపరీక్షను పక్కన పెడితే మిగిలేవి 15 మార్కులు. పదో తరగతి మార్కుల్లో పరీక్ష హాలు బయట, తీరిగ్గా కూర్చుని, కొట్టివేసి మళ్ళీ రాసుకునే వీలుతో పిల్లవాడు తన మాటగా రాసినదానికి దక్కేవి ఈ 15 మార్కులే. మిగతావన్నీ గడియారం చూసుకుంటూ రాసేవి.

ఈ 15 మార్కులు సరిగ్గా వాడితే ఏం జరుగుతుందో ఆలోచించండి. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఒక అమ్మాయికి ‘నీటి కాలుష్యం’ మీద రాయమని ఇచ్చారనుకుందాం. గైడు చూస్తే ‘జలమే జీవనాధారం’ అని మొదలుపెడుతుంది, కారణాలు, నష్టాలు, నివారణ అని మూడు ఉపశీర్షికలతో ముగిస్తుంది. పూర్తి మార్కులు పడతాయి. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన పెద్దలు ఆమె వీధిలోనే ఉన్నా ఆ వ్యాసంలోకి రారు. అదే పిల్లను ఉపాధ్యాయుడు కూర్చోబెట్టి అడిగితే? మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడివి? నల్లా నీళ్ళొచ్చాక కూడా క్యాన్ ఎందుకు కొంటున్నారు? కొనలేనివాళ్ళు ఏం తాగుతున్నారు? ఇది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా? ఈ ప్రశ్నల తర్వాత రాసే రెండో ప్రతిలో ఉపోద్ఘాతం దానంతటదే మారుతుంది. చూసినదానికీ విన్నదానికీ తేడా తెలుస్తుంది. ఒక మాట అంటే దానికి ఆధారం చూపాలని తెలుస్తుంది. ‘ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి’ అన్న వాక్యం ఎవరు, ఎప్పటికి, ఏ చర్య అన్న ప్రశ్న ముందు నిలబడాల్సి వస్తుంది. వ్యాసరచన అంటే ఇంతే. దీనికి ప్రతిభ అక్కర్లేదు, ప్రశ్నలడిగే ఒక మనిషి కావాలి.

ఆచరణలో ఇలా జరగలేదు, ఒప్పుకోవాల్సిందే. రాతపనులు గైడు నుంచి దిగాయి, ప్రాజెక్టులు ఇంటర్నెట్ సెంటర్లలో ప్రింటయ్యాయి, ఇప్పుడు ఫోనులో అడిగితే అర నిమిషంలో వస్తున్నాయి. తరగతి మొత్తం నోటుపుస్తకాల్లో ఒకే పుస్తక సమీక్ష కనిపించిన బడులున్నాయి. తూకంలో మోసం జరుగుతోందని తక్కెడనే బయట పారేయడం మాత్రం పరిష్కారం కాదు. మార్కులు దొంగవైతే దొంగ మార్కులు వేసినవారిని పట్టుకోవాలి. మండలంలో ఒక బడి నోటుపుస్తకాలు మరో బడి తెలుగు ఉపాధ్యాయుడికి పంపండి. మొదటి ప్రతి, దిద్దిన గుర్తులు, రెండో ప్రతి మూడూ ఉంటేనే మార్కులని చెప్పండి. రెండు ప్రతులకూ తేడా లేకపోతే మార్కు లేదు. ఏడాదికి మూడు వ్యాసాలు చాలు, పది వద్దు.

తరగతిలో అరవై మంది ఉంటే దిద్దడం ఎలా అంటారు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక్కో ఉపాధ్యాయుడితో రోజుకు నలభై జవాబు పత్రాలు దిద్దిస్తున్న శాఖ ఈ మాట అనకూడదు. పేజీన్నర వ్యాసం చదివి రెండు ప్రశ్నలు రాయడానికి ఐదు నిమిషాలు. అరవై మందికి ఐదు గంటలు. తెలుగు మాస్టారిని ఎన్నికల పనికీ, సర్వేలకూ, ఆన్‌లైన్ ఎంట్రీలకూ పంపే గంటల్లో కొన్ని తిరిగి ఇస్తే ఈ ఐదు గంటలు దొరుకుతాయి.

ఈ 15 మార్కులు పోతే తర్వాత ఎక్కడా దొరకవు. ఇంటర్‌లో చేరగానే పిల్లల్లో చాలామంది స్కోరింగ్ కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటారు. రెండేళ్ళు తపస్సులా చదివేది ఎంసెట్ కోసం. దాని పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయినా ప్రశ్నలు 160, వాటికి పిల్లవాడు రాయాల్సిన వాక్యాలు సున్నా. ఇంజినీరింగ్‌లో రికార్డులు సీనియర్లవి చూసి దించుకుంటారు. ఇలా పాతికేళ్ళు వచ్చాక అదే యువకుడు గ్రూప్-1 మెయిన్స్‌కు కూర్చుంటే 150 మార్కులకు జనరల్ ఎస్సే అని ఒక పేపరు ఇస్తారు. సివిల్స్‌లో అయితే 250 మార్కులకు రెండు వ్యాసాలు. హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో అద్దె గది తీసుకుని, ఇంట్లోవాళ్ళు పంపిన డబ్బు కోచింగ్‌కు కట్టి, అతను నేర్చుకునేది పదిహేనో ఏట బడిలో ఉచితంగా నేర్పాల్సిన పని. అక్కడా చాలాసార్లు దొరికేది బట్టీ పట్టడానికి మరో కట్ట ‘మోడల్ ఎస్సేలు’. బడిలో గైడు చూసి దించుకున్న పిల్లవాడే ఇక్కడ మెటీరియల్ చూసి దించుకుంటున్నాడు. తప్పు అతనిది కాదు. రాసింది చదివి ప్రశ్నించినవారు అతనికి ఒక్కరూ దొరకలేదు.

వ్యాసరచన పోటీలు పెడుతున్నాం కదా అని అధికారులు చూపిస్తారు. స్వాతంత్ర్య దినోత్సవానికి ఒకటి, ఓటర్ల దినోత్సవానికి ఒకటి, రోడ్డు భద్రతకు ఒకటి. బడికి ఇద్దరు ముగ్గురు బాగా రాసేవాళ్ళే ప్రతిసారీ వెళతారు, జ్ఞాపికలు వాళ్ళకే వస్తాయి. ఓడినవాడి కాగితం ఏమైంది? అందులో ఏం లోపముందో అతనికి ఎవరు చెప్పారు? వచ్చినవాడిని ఎంచి బహుమతి ఇవ్వడం బోధన కాదు. రానివాడికి రప్పించడమే బడి పని. ఆ పనికి మన వ్యవస్థ కేటాయించినవి ఆ 15 మార్కులే.

రద్దు చేసినవారికీ, మళ్ళీ చేయాలనుకునేవారికీ అడగాల్సింది ఒకటుంది. వందకు వంద బోర్డు పరీక్ష పెడితే దొంగ మార్కులు ఆగుతాయి, సరే. ఆ తర్వాత తెలుగు పిల్లవాడు తను చూసినదాని గురించి, తన మాటల్లో, ఒకసారి రాసి దిద్దుకుని రెండోసారి రాసేది ఏ తరగతిలో, ఏ పీరియడ్‌లో, ఎవరి ముందు? రద్దు ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు విద్యాశాఖ దీనికి రాతపూర్వకంగా జవాబివ్వాలి.