మేయర్ మనకేమవుతారు?

గంట వాన కురిస్తే చాలు, హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం చౌరస్తా చెరువే. ఈ వారం ఆ నీళ్లలో బైకు తోసుకుపోతున్న కుర్రాడు ఎవర్ని తిట్టాలో తెలియక వానను తిట్టాడు. మేయర్‌ను తిట్టొచ్చు కదా అంటారా? మేయర్‌ను మనం ఎన్నుకుంటే కదా!

2002లో ఎన్నుకున్నాం. తీగల కృష్ణారెడ్డికి నగరం నేరుగా ఓటేసింది. అప్పుడు మాత్రం రోడ్ల మీద నీళ్లు నిలవలేదా? నిలిచాయి. కాకపోతే ఎవర్ని నిలదీయాలో తెలిసేది. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) వచ్చాక ఆ హక్కు కార్పొరేటర్ల చేతికి పోయింది. 2009లో గెలిచిన కాంగ్రెస్, మజ్లిస్ కుర్చీని వంతులేసుకున్నాయి. 2020లో 150 డివిజన్లకుగాను టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. మజ్లిస్ మద్దతుతో టీఆర్ఎస్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు, 2024లో కాంగ్రెస్‌లో చేరారు. రెండంటే రెండు సీట్లొచ్చిన పార్టీకి మేయర్ పీఠం! సగం మంది ఓటే వేయలేదని నగరవాసిని దెప్పిపొడుస్తారుగానీ, వేసిన ఓటు ఎటు పోతుందో తెలియని ఎన్నికకు క్యూ ఎవరు కడతారు?

అమెరికాలోనూ తొలినాళ్లలో వర్జీనియా గవర్నర్‌ను చట్టసభే ఎన్నుకునేది. 1851లో ఆ హక్కు జనానికొచ్చింది. వెర్మాంట్‌లో ఇప్పటికీ ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే చట్టసభే తేలుస్తుంది. 2014 ఎన్నికల్లో ఎక్కువ ఓట్లొచ్చిన పీటర్ షమ్లిన్‌ను అలాగే ఖాయం చేశారు. కానీ అక్కడ ముందు జనం ఓటేస్తారు. మనకు ఆ మొదటి మెట్టే లేదు.

ఆ మెట్టు వచ్చినా, అసలు అమీర్‌పేటలో ఓటున్నవాళ్లెందరు? జావా, డేటా సైన్స్ ఫ్లెక్సీల కింద తిరిగే కోచింగ్ పిల్లల మీదే ఇక్కడి హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు బతుకుతున్నాయి. గదికి నలుగురు, ఓట్లేమో ఊళ్లో. ఓటు లేనివాడికి ఫుట్‌పాత్ ఎవరు వేస్తారు? పంజగుట్ట నుంచి అమీర్‌పేట మెట్రోలో ఒక్క స్టేషన్. నడిచి రండి చూద్దాం! ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని ఆనుకుని ఇడ్లీ బండి, ఆ పక్కన పార్కింగ్. మనిషి నడిచేది బస్సుల మధ్య.

కాబట్టి ప్రభుత్వం మేయర్‌కు నేరుగా ఓటేసే హక్కు తిరిగివ్వాలి. హాస్టల్ పిల్లలు ఉంటున్నచోట ఓటు నమోదు చేయించుకోవాలి. అప్పుడు మేయర్ అభ్యర్థి మెస్సు ముందుకొచ్చి దండం పెడతాడు. ఇప్పుడా దండాలన్నీ పార్టీ ఆఫీసులకే.