పగ్గాలు అందిద్దాం

అరసవల్లిలో కొలువైన సూర్యనారాయణస్వామికి సారథి అరుణుడు. తొడలు లేనివాడు కనుక అనూరుడని పేరు. అయినా సప్తాశ్వరథం పగ్గాలు అతని చేతిలోనే ఉన్నవి. ఆటిజం గల బిడ్డలను పాపఫలమని తలచేవారు ఈ సత్యాన్ని గ్రహించాలి.

"మా తరువాత వీడికెవరు దిక్కు?" అని తల్లిదండ్రులు స్వామిని వేడుకుంటారు. మ్రొక్కుతోపాటు అభ్యాసమూ కావాలి. స్నానం, వంట, డబ్బు లెక్క, బస్సు ప్రయాణం వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, బొమ్మలతో చూపి, నిత్యం ఒకే క్రమంలో చేయించండి. ఆలస్యమైనా వారి పని మీరు చేసిపెట్టకండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది; సమాజంలో కలిసి జీవించే హక్కునూ చాటింది. ఆ హక్కుకు ఆలయాలే ముందు చోటివ్వాలి. పూలమాలలు కట్టడం, ప్రసాదపు దొన్నెలు పేర్చడం వారికి అప్పగిద్దాం. భక్తులారా, జాలి చాలదు. పని నేర్పడమే నిజమైన సేవ.