కారు కంటే ముందు పార్కింగ్‌లో ప్లగ్ చూడండి

గత ఆరు నెలల్లో కనీసం పది మంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. ‘బీవైడీ అట్టో 3 తీసుకోమంటావా, కియా ఈవీ5 తీసుకోమంటావా?’ సాఫ్ట్‌వేర్ వాడికి బ్యాటరీల సంగతి కూడా తెలుస్తుందని మనవాళ్ళ నమ్మకం. దర్సైత్ కృష్ణుడి గుడి దగ్గర చెప్పులు వేసుకుంటుంటే కూడా ఒకాయన ఆపి అడిగారు. అడిగిన వాళ్ళలో ఎక్కువ మంది నాలాగే అల్ ఖువైర్‌లోనో, ఘుబ్రాలోనో, మవాలెలోనో అద్దె ఫ్లాట్లలో ఉంటున్నారు. ఇద్దరు పిల్లలు, చలికాలంలో వచ్చే అమ్మానాన్నలు, ఇండియన్ స్కూల్ ట్రిప్పులు, నెలకోసారి లాంగ్ డ్రైవ్. అందరి అవసరాలూ దాదాపు ఒకటే.

నేనూ అదే ప్రశ్నతో మొదలుపెట్టాను. ఎక్సెల్ షీట్ కూడా తయారు చేశాను, వృత్తి దోషం. ముప్పై రెండు వరుసలు నింపాక తేలింది ఏమిటంటే, ఆ రెండు కార్ల మధ్య తేడా నా జీవితాన్ని మార్చేంత ఏమీ లేదు. అట్టో 3 పొడవు 4,455 మిల్లీమీటర్లు, ఈవీ5 పొడవు 4,615. డిక్కీ ఒకదానిలో 440 లీటర్లు, రెండోదానిలో 513. రెండింటిలోనూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీయే. అసలు తమాషా ఏమిటంటే, చైనాలో తయారయ్యే ఈవీ5కి బ్యాటరీ సెల్స్ ఇచ్చేది బీవైడీ గ్రూపే. ఒకే పిండి రుబ్బుకుని ఒకరు ఇడ్లీ, ఒకరు దోశ వేసినట్టు. పెనుకొండ ఫ్యాక్టరీ వల్ల మనలో చాలా మందికి కియా అంటే సొంత ఊరి కారు అన్న మమకారం ఉంది. ఈ ఈవీ5 మాత్రం పెనుకొండది కాదు.

డిక్కీ గురించి ఒక్క మాట. లీటర్ల లెక్క నమ్మకండి. షోరూముకి రెండు పెద్ద సూట్‌కేసులు తీసుకెళ్ళి పెట్టి చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, పర్లేదు. ఎయిర్‌పోర్టుకి అమ్మావాళ్ళని తేవడానికి వెళ్ళిన రోజు ఆవకాయ డబ్బా ఒళ్ళో పెట్టుకుని రావడం కంటే అది నయం. అమ్మని కూడా ఎక్కించి దింపి చూడండి. సీటు ఎత్తు మోకాళ్ళ నొప్పికి తెలుస్తుంది, బ్రోషర్‌కి తెలియదు.

ఇక డబ్బు లెక్క. ఇక్కడే మనం ఎక్కువగా బోల్తా పడుతున్నాం. హైదరాబాద్‌లో మా బావమరిది గత ఏడాది ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ‘బావా, పెట్రోల్ పోసుకోవడం అంటే డబ్బు తగలేసుకోవడమే’ అంటాడు. అతని లెక్క అతనికి నిజమే. 2025లో అక్కడ లీటరు 107 రూపాయలు. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది. ఒమన్‌లో మాత్రం ప్రభుత్వం 2021 అక్టోబర్ నాటి స్థాయిలో పెట్రోల్ ధరకి పరిమితి పెట్టింది. ఎం91 లీటరు 229 బైసలు, ఎం95 239 బైసలు. రియాల్‌ని 230 రూపాయలు అనుకుంటే ఎం91 లీటరు 53 రూపాయలు కూడా పడదు.

ఏడాదికి 15,000 కి.మీ. తిరిగే ఇంటికి, లీటరుకి 12 కి.మీ. ఇచ్చే పెట్రోల్ కారైతే 1,250 లీటర్లు, అంటే దాదాపు 286 రియాల్స్. ఎలక్ట్రిక్ కారు వంద కిలోమీటర్లకి 18 యూనిట్లు తింటుందనుకుందాం. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి ఏడాదికి 3,000 యూనిట్లు వేసుకుందాం. యూనిట్ పాతిక బైసలు అనుకుంటే 75 రియాల్స్. మిగిలేది సుమారు 210 రియాల్స్. చెడ్డ మొత్తం కాదు, కానీ బావమరిది చెప్పినంత గొప్పదీ కాదు. అదీ ఇంట్లో ఛార్జ్ చేసుకుంటేనే. బయట ఫాస్ట్ ఛార్జర్ల మీదే బతికితే ఆ 210 కూడా కరిగిపోతుంది.

ప్రభుత్వం వైపు నుంచి ప్రోత్సాహం లేదని కాదు. 2050 నాటికి కర్బన ఉద్గారాలని నెట్ జీరోకి తెస్తామని ఒమన్ ప్రకటించింది. ఎలక్ట్రిక్ కార్లకి కస్టమ్స్ సుంకం, 5 శాతం వ్యాట్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా చేసింది. అమెరికాలో ఉన్న మన బంధువులకి 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది కాబట్టి, ఈ విషయంలో వాళ్ళ కంటే మనమే అదృష్టవంతులం. కానీ ప్రభుత్వం ఎంత తగ్గించినా మా బిల్డింగ్ బేస్‌మెంట్‌లో ప్లగ్ మొలవదు కదా.

అసలు విషయం ఇదే. మా బిల్డింగ్‌లో 24 ఫ్లాట్లు. పోయిన ఏడాది ఒకతను ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వదిలి, మామూలు మూడు పిన్నుల ప్లగ్‌కే కారు తగిలించేవాడు. ఆ ప్లగ్‌తో గంటకి రెండు, రెండున్నర యూనిట్లే ఎక్కుతాయి. 60 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. రోజువారీ యాభై కిలోమీటర్లకైతే నాలుగైదు గంటలు చాలు. కాబట్టి ఆలోచన తప్పు కాదు, వైరు తప్పు. జూన్ నెలలో 46 డిగ్రీల ఎండలో చుట్టలు చుట్టి పడున్న ఎక్స్‌టెన్షన్ వైరు గంటల తరబడి పది ఆంపియర్లు మోస్తుంటే ముట్టుకోవడానికే భయమేసేంత కాలుతుంది.

మా వాచ్‌మన్‌ది జగిత్యాల జిల్లా. ఒక రాత్రి లిఫ్ట్ దగ్గర నన్ను ఆపాడు. ‘సార్, గా వైరు సంగతి మీరన్నా చెప్పుండ్రి. ఓనర్ చూసిండంటే ఆ సార్‌ని ఏమనడు, నన్నే పంపిస్తడు’ అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను షీట్‌లో రాసుకున్న ముప్పై రెండు వరుసల్లో ఇతని ఉద్యోగం ఎక్కడా లేదు. నేను కూడా మర్నాడు కారు కొని అదే పని చేసి ఉండేవాణ్ణి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు షోరూముకి వెళ్ళే ముందు ఇంటి ఓనర్ దగ్గరికి వెళ్ళాలి. పార్కింగ్ దగ్గర విడిగా లైను వేయించుకోవడానికి, విడి మీటరు పెట్టించుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ‘నో ప్రాబ్లం, నో ప్రాబ్లం’ అన్న నోటిమాట సరిపోదు. కాగితం దొరక్కపోతే ఆ ఏడాదికి ఎలక్ట్రిక్ కారు ఆలోచన పక్కన పెట్టేయాలి. అట్టో 3 అయినా ఈవీ5 అయినా అంతే. సొంత విల్లా అద్దెకి తీసుకున్నవాళ్ళకి ఈ బాధ తక్కువ. ఏడు కిలోవాట్ల వాల్‌బాక్స్ పెట్టుకుంటే రాత్రి తొమ్మిది గంటల్లో బ్యాటరీ నిండుతుంది.

రెండో ప్రశ్న, కారు ఏ దేశం కోసం తయారైంది అన్నది. ఇక్కడి మార్కెట్లో చైనా కోసమే తయారై నేరుగా దిగుమతి అయిన కార్లు కూడా దొరుకుతాయి, చూడ్డానికి చవక. మూడు వరుసల సీట్లున్న ఫోక్స్‌వ్యాగన్ ఐడీ6 లాంటిది చూస్తే, అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరం ఒకే కారులో పోవచ్చని ఆశ పుడుతుంది. కానీ ఆ మోడల్‌ని కంపెనీ చైనా మార్కెట్ కోసమే చేసింది. చైనా కార్ల ఛార్జింగ్ సాకెట్ జీబీ/టీ రకం. గల్ఫ్‌లో పబ్లిక్ ఫాస్ట్ ఛార్జర్లలో ఎక్కువగా కనిపించేది సీసీఎస్2. అడాప్టర్ పెట్టుకోవచ్చు అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్ళున్నవాణ్ణి, అడాప్టర్ల మీద నాకు నమ్మకం తక్కువ. తెర మీద చైనీస్ అక్షరాలు, అప్‌డేట్ ఎవరిస్తారో తెలియదు, ఇక్కడి డీలర్ వారంటీ మాది కాదంటాడు. రెండు మూడు వేల రియాల్స్ తక్కువకి వస్తుందని అందులో తల దూర్చొద్దనే నేను చెప్తాను. జీసీసీ స్పెక్ ఉన్న కారే కొనండి.

వేడి గురించి భయం కొంత నిజం, కొంత పాతది. 2012లో అమెరికాలోని ఆరిజోనా ఎడారి ప్రాంతంలో తొలి తరం నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు త్వరగా నీరసపడ్డాయని ఓనర్లు కోర్టు దాకా వెళ్ళారు. ఆ కారులో బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. నేను పేరు చెప్పిన రెండు కార్లలోనూ బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉంది. అయినా నీడలో పార్క్ చేయడం మంచిది. రేంజ్ సంగతి వేరు. అట్టో 3కి డబ్ల్యూఎల్‌టీపీ లెక్కలో 420 కి.మీ. అని రాసుంటుంది. సోహార్ హైవే మీద 120 వేగంతో, ఫుల్ ఏసీతో, నలుగురితో వెళ్తే మూడు వందలు అనుకుని బయల్దేరడం క్షేమం. నిజ్వాకి మస్కట్ నుంచి 160 కి.మీ., పోయి రావడానికి పూర్తి ఛార్జ్ కూడా అంచుకి వచ్చేస్తుంది. సూర్ ఇంకా దూరం.

సలాలా మాత్రం వేరే కథ. ఖరీఫ్ సీజన్‌లో వెయ్యి కిలోమీటర్లు, మధ్యలో హైమా దాటాక ఎడారి తప్ప ఏమీ కనబడదు. ఏడాదికి ఒక్కసారి చేసే ఆ ప్రయాణం కోసం పెద్ద బ్యాటరీకి అదనంగా డబ్బు పోయడం నాకు తెలివైన పనిగా అనిపించదు. ఫ్లైట్‌లో వెళ్ళండి, లేదా ఆ వారానికి పెట్రోల్ బండి అద్దెకి తీసుకోండి. జబల్ అఖ్దర్‌కైతే బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ కాని బండిని పైకి పంపరు. ఒక్క మోటారుతో రెండు చక్రాలే తిప్పే ఎలక్ట్రిక్ కారుకీ అదే నియమం. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, చెక్‌పోస్టు దగ్గర ఏడుపు తప్పుతుంది.

మూడో ప్రశ్న ఎవరూ అడగడానికి ఇష్టపడరు. మనం వెళ్ళిపోయే రోజు ఈ కారు ఎవరు కొంటారు? మన వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. నా స్నేహితుడొకతనికి రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో కంపెనీ నోటీసు ఇచ్చింది. స్కూల్ మధ్యలో పిల్లలు, ఐదేళ్ళ లోన్‌లో మూడేళ్ళు మిగిలిన ఎలక్ట్రిక్ కారు. బ్యాంకు క్లియరెన్స్ ఇస్తే తప్ప ముల్కియా మార్చడానికి లేదు. సెకండ్ హ్యాండ్ టయోటా అయితే ఒక సాయంత్రంలో పోయేది. దీనికి వచ్చినవాళ్ళంతా ‘బ్యాటరీ ఎంత మిగిలింది?’ అని అడిగి, అతను చెప్పింది నమ్మక వెళ్ళిపోయారు. చివరికి లోన్ బాకీ కంటే తక్కువకి అమ్మి, తేడా తన గ్రాట్యుటీ నుంచి కట్టాడు. పన్నెండేళ్ళ సర్వీసు డబ్బులో కొంత అలా పోయింది. ఆ సాయంత్రం సామాన్లు సర్దుతూ అతని భార్య మా ఆవిడతో అన్న మాట ఇక్కడ రాయలేను.

కాబట్టి బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్ళా అని అడిగి ఊరుకోకండి, అది చాలా కంపెనీలు ఇస్తాయి. ఆ వారంటీ రెండో ఓనర్‌కి బదిలీ అవుతుందా, బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తారు, ఆ శాతం కొలిచి సర్వీస్ సెంటర్ కాగితం మీద ఇస్తుందా అని అడగండి. నేను రెండు షోరూముల్లోనూ అడిగాను. ఒకటి కాగితం మీద రాసిచ్చింది, రెండోది ‘చూద్దాం సార్’ అంది. ఏది అన్నది చెప్పను, అడిగిన మనిషిని బట్టి, కూర్చున్న మేనేజర్‌ని బట్టి మారవచ్చు. నా నిర్ణయం మాత్రం ఆ కాగితంతోనే అయిపోయింది. మిగిలిన ముప్పై రెండు వరుసలు డిలీట్ చేశాను.

లోన్ కూడా మూడేళ్ళు దాటకుండా పెట్టుకుంటున్నాను. నెలవారీ కిస్తీ బరువుగా ఉంటుంది, మా ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోడానికి పెట్టిన షరతు నా పాత కెమెరాలు అమ్మేయడం.

ఇంకా కారు కొనలేదు. ప్లగ్ రాలేదు కాబట్టి. మొదటిసారి అడిగినప్పుడు మా ఓనర్ ఒక మంచి ప్రశ్నే వేశారు. ‘నీకిస్తే 24 మందికీ ఇవ్వాలి కదా?’ 24 ఫ్లాట్లకి ఏడేసి కిలోవాట్లంటే 168 కిలోవాట్లు, ఏసీలు నడిచే వేసవి రాత్రి మీద అదనంగా. బిల్డింగ్‌కి వచ్చే లైను దానికి సరిపోదు, ఆయన భయం సరైనదే. అందుకని ఒక్కొక్కరం వెళ్ళకుండా కలిసి ఒక ఉత్తరం రాశాం. అందరికీ కలిపి రెండు ఛార్జర్లు, విడి మీటరు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, ఖర్చు మాది, వాడుకున్న యూనిట్లకి ఎవరి బిల్లు వాళ్ళు కట్టేలా. ఎనిమిది ఫ్లాట్లవాళ్ళు సంతకాలు పెట్టారు, అందులో ముగ్గురికి అసలు కారు కొనే ఉద్దేశమే లేదు. బాల్కనీ వైరు పోతుందంటే చాలని పెట్టారు. ఉగాదికి, బతుకమ్మకి హాళ్ళు బుక్ చేసి ఇంత మందిని పోగు చేయగల మన సంఘాలు ఇలాంటి ఉత్తరం ఒకటి అరబీలో, ఇంగ్లిష్‌లో తయారు చేసి అందరికీ ఇస్తే ఎంత బాగుంటుంది.

ఉత్తరం చదివి ఓనర్ ‘ఇన్షా అల్లా’ అన్నారు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో తెలుసు. వచ్చే గురువారం సాయంత్రం కహ్వాకి రమ్మన్నారు. ఎనిమిది మందిలో ఐదుగురం వెళ్తున్నాం. వాచ్‌మన్‌ని కూడా రమ్మంటే నవ్వి, ‘మీరే పోయి రండి సార్, నేను వైరు చుట్టి పెడ్త’ అన్నాడు.