బోన్ ఊళ్ళో బస, భోజనం

ఫ్రాన్సులో ఓ ఏడాది చదివి వచ్చానని తెలిసినప్పటినుంచీ మన కాలేజీ కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "ఆ ద్రాక్షసారాయి ఊళ్ళన్నీ లక్షాధికారుల కోసమేనటగా మాస్టారూ! మనబోటివాళ్ళు వెళ్తే ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు?" విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా వ్రాయమన్నారు గనుక ఆ ప్రశ్నకే జవాబు వ్రాస్తున్నాను.

నేనుండే దిజోన్ నగరానికి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో ఉంది బోన్. రైలెక్కితే అరగంట పట్టదు. సుమారు 20 వేల జనాభా. చుట్టూ పాత కోటగోడ, గోడ దాటితే ద్రాక్షతోటలు. బర్గండీ సారాయి వ్యాపారానికి ఇదే గుండెకాయ. ఇక్కడి తోటల ముక్కలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు బుద్ధొచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకి ఆకలితో దిగాను. ఏ హోటలు తలుపు తట్టినా వంటిల్లు కట్టేశామన్నారు! అక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే, మళ్ళీ రాత్రి ఏడు దాటితే గాని పొయ్యి వెలగదు. చివరికి రొట్టెల దుకాణంలో ఓ పొడుగు రొట్టె కొని, బల్ల మీద కూచుని నమిలాను.

అందుకని నా మొదటి సలహా: పెద్ద భోజనం మధ్యాహ్నమే చెయ్యండి. ఒక్క ధరకు రెండు మూడు వంటకాలు పెట్టే 'ఆనాటి భోజనం' పలక మీద సుద్దతో వ్రాసి ఉంటుంది. అదే వంటవాడి చేతి వంట రాత్రి తింటే జేబు బరువు తగ్గుతుంది. కుళాయి నీళ్ళు అడగండి, ఊరికే ఇస్తారు. సారాయి తాగకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, నేను తాగలేదు! మాంసం తినేవారికి ఎర్ర సారాయిలో ఉడికించిన ఎద్దుమాంసం, నత్తలు ఉన్నాయి. శాకాహారులు మాత్రం జాగ్రత్త. అదే సారాయిలో ఉడికించే కోడిగుడ్ల వంటకంలో పందిమాంసం ముక్కలు కలుస్తాయి. జున్నుతో చేసే 'గూజేర్' అనే ఉబ్బు బిళ్ళలు దొరికితే వదలకండి. శనివారం పొద్దున సంతలో జున్ను, పళ్ళు, రొట్టె కొనుక్కుంటే రెండు పూటలు వెళ్ళిపోతాయి.

ఇక బస. నవంబరు మూడో ఆదివారం సారాయి వేలం జరుగుతుంది, 1859 నుంచీ వస్తున్న ఆనవాయితీ. ఆ రోజుల్లో గది ఆశ వదులుకోండి. మిగతా రోజుల్లో 'షాంబ్ర్ దోత్' వెతకండి. అంటే ఇంటివాళ్ళు తాముండే ఇంట్లోనే అతిథులకిచ్చే గదులు. అయిదు గదులకు మించకూడదు, పొద్దుటి ఫలహారం పెట్టి తీరాలి. అది అక్కడి నియమం. నేను దిగిన ఇంటి పెద్దావిడ తన చేత్తో చేసిన జాము పెట్టి, "సంతకెళ్తున్నాను, సంచి పట్టుకుంటారా?" అంది. పట్టుకున్నాను. ఏ జున్ను ఎవరి దగ్గర కొనాలో ఆ గంటలో తెలిసినంత ఏ పుస్తకం చదివినా తెలియలేదు.

ఇది పిసినారితనం కోసం చెప్పే మాట కాదు. ఆ ఊరి పేరు నిలబెట్టినది ఓ ధర్మాసుపత్రి. బర్గండీ ప్రభువు మంత్రి నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ 1443లో బీదల కోసం కట్టించారు. పొడవాటి హాలులో రెండు వరుసల మంచాలు, మధ్యలో భోజనపు బల్లలు. చూడగానే మన సత్రం గుర్తొచ్చింది. దాతలిచ్చిన ద్రాక్షతోటల ఆదాయం దాని ఖర్చుకు తోడయింది. 1971 దాకా అక్కడ రోగులుండేవారు. అంటే ఆ ఊళ్ళో అన్నిటికంటే గొప్ప భవనంలో బసా భోజనమూ దొరికింది డబ్బులేనివాడికే! అలాంటి ఊరు లక్షాధికారులదే అని మనం ఎలా అనుకోవడం?

అయితే ఇప్పుడు ఫ్రాన్సులో యాత్రికులెక్కువగా వచ్చే చోట్ల మనుషులుండే ఇళ్ళు రోజువారీ అద్దె గదులైపోతున్నాయి. స్థానికులకు ఇల్లు దొరకడం కష్టమైంది. 2024 నవంబరులో ఆ దేశం చట్టం చేసి, వీటిని అదుపు చేసే అధికారాలు పురపాలక సంఘాలకు పెంచింది. చట్టం పని చట్టం చేస్తుంది. మన పని మనం చెయ్యాలి గదా! తాళంచెవి పెట్టెలో పెట్టి మాయమయ్యే యజమాని దగ్గర కాక, ఇంట్లో దీపం పెట్టుకునే మనిషి దగ్గర దిగడం నా దృష్టిలో మర్యాద.

కనుక మిత్రులారా, ధైర్యంగా వెళ్ళండి. పన్నెండింటికల్లా బల్ల దగ్గర కూచోండి. ఇంటావిడ సంతకు రమ్మంటే మాత్రం నిద్ర మానుకుని అయినా వెళ్ళండి, సంచి మీరే పట్టుకోండి.